సున్నా బిల్లు ఎక్కడ్నుంచి వచ్చింది? ఉద్దానం, మన కొండ గూడల కరెంటు చరిత్ర



పోస్టు పెద్దది. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో కరెంటు బిల్లు కాయితం ఉంటే పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మందస, మెళియాపుట్టి, పలాస వైపు నుంచి మన గ్రూపులో పదే పదే వచ్చే ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది: "మా ఇంటికి సున్నా బిల్లు వస్తోంది, మా పిన్ని వాళ్లకి మాత్రం ఏడొందలు వస్తోంది. ఇద్దరమూ సవరలమే. ఎందుకలా?" రెండోది ప్రశ్న కూడా కాదు, ఎత్తిపొడుపు. టెక్కలిలోనో పలాసలోనో చదువుకునేటప్పుడు ఎవరో ఒకరు అంటారు, "మీకేటి బాబూ, కరెంటు ఫ్రీ కదా" అని. మనం నవ్వేసి ఊరుకుంటాం. ఎందుకంటే ఏం చెప్పాలో మనకు తెలీదు. ఈ రెండింటికీ జవాబు చరిత్రలోనే ఉంది. దాన్ని మొదట్నుంచీ చెప్పుకుందాం.

కొండల్లో పుట్టిన కరెంటు

ఉత్తర కోస్తాకు పెద్ద ఎత్తున కరెంటు వచ్చింది మాచ్‌ఖండ్ నుంచి. ఇప్పటి ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో, ఆంధ్ర సరిహద్దు మీద, జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం ఉన్నచోట నీటిని కిందికి వదిలి కరెంటు తీశారు. 1955 ఆగస్టులో మొదటి యూనిట్ మొదలైంది. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అది. విశాఖలో ఫ్యాక్టరీలు, కింద మైదానంలో పట్నాలు, రైసు మిల్లులు ఆ కరెంటుతో వెలిగాయి.

జలాపుట్ నీళ్ల కింద మునిగినవి ఎవరి ఊళ్లు? ఎక్కువగా ఆదివాసీలవి, దళితులవి. గదబ, పరజ జనం తరతరాలుగా దున్నుకున్న భూములు. వేల కుటుంబాలు లేచిపోవాల్సి వచ్చింది. భూమికి బదులు భూమి దొరికింది కొందరికే. తీగలు మాత్రం వాళ్ల నెత్తి మీంచి మైదానానికి దిగిపోయాయి. ప్రాజెక్టు పక్కన ఉన్న కొన్ని గూడేలకు దశాబ్దాల పాటు దీపం రాలేదు.

ఇది మన జిల్లా కథ కాదు గదా అనొద్దు. మనకు కరెంటు ఎవరో "ఇచ్చారు" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ లెక్క ఎక్కడ మొదలైందో మనకు తెలిసుండాలి. లెక్కలో మొదటి జమ కొండలదే.

ఊరికి వెలుగొచ్చింది, గూడకు రాలేదు

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తర్వాత నలభై ఏళ్లు కరెంటు తయారు చేసేదీ, తీగలు లాగేదీ, రేటు పెట్టేదీ అంతా బోర్డే. పేదవాళ్లకు సాయం అంటే ఆ రోజుల్లో రేషన్ షాపులో కిరసనాయిలు. ఉద్దానంలోనైనా కొండ మీదైనా సాయంత్రం అయితే బుడ్డి దీపమే. పొయ్యిలోకి ఉద్దానంలో కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు. కొండ మీద అడవి కట్టెలు. కార్డు లేనోడికి, షాపు దూరమైనోడికి ఆ కిరసనాయిలు కూడా అందేది కాదు.

ఊళ్లకు కరెంటు వచ్చిందని ఎలా లెక్క కట్టేవారో చూడండి. మన చరిత్ర మొత్తం ఈ ఒక్క లెక్కలో దాక్కుని ఉంది. 1997 వరకు దేశమంతా ఉన్న నియమం ఏమిటంటే, రెవెన్యూ గ్రామం హద్దుల్లో ఎక్కడైనా, దేనికైనా కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే. అంటే కింద పల్లంలో ఒక రైతు బోరుకు మోటారు పెట్టుకుంటే, అదే రెవెన్యూ గ్రామంలో కొండ మీద ఉన్న నాలుగు గూడలకూ కరెంటు "వచ్చేసినట్టే". కాయితం మీద దీపం, గూడలో చీకటి. 1997లో నియమం మార్చి, జనం ఉండే చోట వాడాలి అన్నారు. 2004లో ఇంకోసారి మార్చారు. ఊళ్లో నూటికి 10 ఇళ్లకు కరెంటు ఉండాలి, బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్ల ఉండాలి, దళితవాడలకూ శివారు గూడలకూ లైను వెళ్లాలి అన్నారు. ముందుకన్నా మెరుగే. కానీ నూటికి 90 ఇళ్లు చీకట్లో ఉన్నా ఊరు వెలిగినట్టే లెక్క. ఆ 90లో ఎవరుంటారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ మధ్యలో 1988-89లో కేంద్ర ప్రభుత్వం కుటీర్ జ్యోతి పథకం తెచ్చింది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు, అందులో హరిజన, ఆదివాసీ కుటుంబాలకు, ఒక్క బల్బు కనెక్షన్. వైరింగ్ ఖర్చు ప్రభుత్వానిది. ఒక్క బల్బే! ఫ్యాను లేదు, ప్లగ్ పాయింటు లేదు. అయినా ఆ ఒక్క బల్బు కింద కూర్చుని చదివినవాళ్లు మన పెద్దల్లో ఉన్నారు. ఎగతాళి చెయ్యడానికి చెప్పట్లేదు. పేదవాడి అవసరం ఎంత ఉండాలో పథకం రాసేవాళ్లే కొలిచి పెడతారన్న సంగతి ఇక్కడే మొదలైందని చెప్పడానికి. ఆ తర్వాత 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజన, 2014లో దీన్ దయాళ్ పేరుతో ఇంకో పథకం, 2017లో సౌభాగ్య వచ్చాయి. సౌభాగ్య వచ్చాకే లెక్క ఊరి నుంచి ఇంటికి మారింది. ప్రతి ఇంటికీ కనెక్షన్ అన్నారు.

రేటు పెట్టే చెయ్యి మారింది

1998లో రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో ముడిపడిన మార్పు అది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును విడగొట్టి జెన్‌కో, ట్రాన్స్‌కో చేశారు. 2000 ఏప్రిల్‌లో పంపిణీకి నాలుగు కంపెనీలు పెట్టారు. మనది విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అందరూ ఈపీడీసీఎల్ అనేది. రేటు నిర్ణయించే పని విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. కమిషన్ మొదటి టారిఫ్ ఆర్డర్ 2000 మే నెలాఖర్లో వచ్చింది. ఛార్జీలు పెరిగాయి. ఆ పెంపు మీద జరిగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమైనా పేద ఇంటి కరెంటు రేటు ముట్టుకోవాలంటే ఆ రోజు గుర్తుకు రావాల్సిందే.

2003లో దేశమంతటికీ కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. అందులో 65వ సెక్షన్ ప్రతి ఆదివాసీ విద్యార్థికీ తెలియాలి. తేలిక మాటల్లో దాని అర్థం ఇది: కమిషన్ పెట్టిన రేటు కంటే ఎవరికైనా తక్కువకు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే ఇవ్వొచ్చు. కానీ ఆ తేడా డబ్బును పంపిణీ సంస్థకు ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఆ రాయితీ ఆదేశం చెల్లదు, కమిషన్ పెట్టిన అసలు రేటే నడుస్తుంది.

కాబట్టి "ఫ్రీ" కరెంటు అనేదేదీ లేదు. కట్టేవాళ్లు మారతారు, అంతే. మన ఇంటికి సున్నా వచ్చిన నెల కూడా మన మీటరు మీద బిల్లు తయారవుతుంది. అది ప్రభుత్వం పేరున వెళ్తుంది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మీద మొదటి సంతకం పడింది కదా, అదీ ఈ దారినే నడుస్తోంది.

ఇప్పుడు ఆ ఎత్తిపొడుపుకు జవాబు. ఒక యూనిట్ కరెంటును ఇంటిదాకా చేర్చడానికి పంపిణీ సంస్థకు సగటున అయ్యే ఖర్చు ఈ మధ్య సంవత్సరాల్లో 7 రూపాయల దగ్గర ఉంటోంది. 2022-23 టారిఫ్ ఆర్డర్‌లో మొదటి 30 యూనిట్లకు రేటు 1 రూపాయి 90 పైసలు. అది ఏ కులం వాళ్లకైనా అంతే, డాబా ఇల్లైనా అంతే. అంటే మనల్ని ఎత్తిపొడిచేవాళ్ల ఇంట్లో మొదటి బల్బుకు కూడా రాయితీ ఉంది. వాళ్ల పొలం మోటారుకూ ఉంది. ఆ తేడాలో కొంత ప్రభుత్వం కడుతుంది, కొంత ఎక్కువ రేటు కట్టే షాపులు, ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. పలాస జీడి ఫ్యాక్టరీ కట్టే బిల్లులో కొంత భాగం అందరి ఇళ్ల రేటునూ కిందికి దించుతోంది. ఆ ఫ్యాక్టరీల్లో కూర్చుని జీడి పిక్కలు ఒలిచే చేతుల్లో మన అమ్మల చేతులు కూడా ఉన్నాయి.

50 నుంచి 200 దాకా

2013 మన చరిత్రలో ముఖ్యమైన ఏడాది. షెడ్యూల్డ్ కులాల ఉప ప్రణాళిక, గిరిజన ఉప ప్రణాళికలకు చట్టం వచ్చింది. జనాభా దామాషాలో ప్రణాళిక నిధులు ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి, వేరే పనులకు మళ్లించకూడదు అని. పదేళ్ల గడువుతో వచ్చిన ఆ చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ చట్టం వచ్చిన ఏడాదే ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 50 యూనిట్ల దాకా బిల్లు లేకుండా చేశారు. తర్వాత అది 75 అయింది, 100 అయింది, 2019లో 200 అయింది. జగ్జీవన్ జ్యోతి అన్న పేరు మీరు విని ఉంటారు. ప్రభుత్వాలు మారినా ఏ పార్టీ కూడా ఆ అంకెను తగ్గించే సాహసం చెయ్యలేదు.

ప్రపంచంలో ఇలాంటిది మనకే ఉందనుకోవద్దు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక, 2003 నుంచి పేద ఇళ్లకు నెలకు 50 యూనిట్లు ఉచితంగా ఇచ్చే విధానం నడుస్తోంది. ఢిల్లీలో 2019 నుంచి 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, కులంతో పని లేకుండా. తెలంగాణలో 2024లో గృహజ్యోతి కింద రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు మొదలైంది.

మన దగ్గర ఇంకో మాట కూడా ఆలోచించాలి. ఈ డబ్బు ఉప ప్రణాళిక లెక్కలో పడుతుంది. అంటే మన రోడ్డుకు, మన హాస్టలుకు, మన నీళ్ల ట్యాంకుకు రావాల్సిన వాటాలోంచే మన కరెంటు బిల్లు కూడా కడుతున్నారు. ఎవరి జేబులోంచో తీసి ఇచ్చింది కాదు. అందుకని ఇది దానమన్న మాట ఎవరి నోటా రాకూడదు, ముందు మన నోట రాకూడదు. అలాగే, మన వాటా డబ్బు బిల్లుగా కడుతున్నప్పుడు, ఆ బిల్లు నిజంగా మన ఇళ్లదేనా, మన ఇళ్లన్నీ అందులో ఉన్నాయా అని అడిగే హక్కు మనకే ఉంది.

పిన్ని వాళ్లింటికి బిల్లెందుకు వస్తోంది?

మొదటి ప్రశ్నకు ఇప్పుడొద్దాం. మా గూడల్లో బిల్లులు తిరగేసి చూస్తే కారణాలు నాలుగు రకాలుగా కనిపిస్తున్నాయి.

ఒకటి, మాట. ఉత్తర్వుల్లో ఎస్సీ కాలనీలు, ఎస్టీ తండాలు అన్న మాట వాడారు. తండా అంటే లంబాడీల ఊరు. సవరల, జాతాపుల ఊళ్లను మన జిల్లాలో గూడ అంటారు. రాష్ట్రమంతటికీ ఒకే మాట రాసేస్తే, దాన్ని చదివి అమలు చేసే కింది ఉద్యోగి ఎలా అర్థం చేసుకుంటే అలా అవుతుంది. గూడలో ఉన్నవాళ్లకు ఎక్కువగా ఇబ్బంది రాదు. కానీ జీడితోట కాపలాకో, పలాసలో ఫ్యాక్టరీ పనికో కిందికి దిగి, మిగతా కులాల వీధిలో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు ఈ మాట దగ్గరే ఆగిపోతున్నారు. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు అక్కడక్కడా ఒకటీ రెండుగా ఉంటాయి. కాలనీ కావు, తండా కావు. కులం మాత్రం అదే, పేదరికమూ అదే.

రెండు, మీటరు ఎవరి పేరున ఉందన్నది. రాయితీ సర్వీసు నంబరుకు వస్తుంది. చనిపోయిన తాత పేరున మీటరు ఉంటే, కుల ధ్రువీకరణ కాయితం మనవడి పేరున ఉంటే, రెండూ కలవవు. అద్దె ఇంట్లో ఉంటే మీటరు యజమానిది. పలాస, టెక్కలిలో రూమ్ తీసుకుని చదువుకునే మనందరి సంగతీ ఇదే. రూమ్ కరెంటుకు యజమాని అడిగిన రేటు కడుతున్నాం.

మూడు, ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు. అన్నదమ్ములు వేరుపడతారు, కొత్త పాక వేసుకుంటారు, తీగ మాత్రం పాత ఇంటి నుంచే లాగుతారు. మూడిళ్ల వాడకం ఒకే మీటరులో పడి 200 దాటిపోతుంది. వేరువేరుగా అయితే ఏ ఇల్లూ 70 దాటదు.

నాలుగు, రీడింగ్ తేదీ. దూరం ఊరని, వానని ఒక నెల రీడింగ్ తియ్యకుండా తర్వాతి నెల కలిపి తీస్తే, రెండు నెలల వాడకం ఒకే నెలదిగా కనపడే ప్రమాదం ఉంది. బిల్లు మీద పాత రీడింగ్, కొత్త రీడింగ్, ఆ రెండు తేదీలూ ఉంటాయి. ముందు చూడాల్సింది మొత్తం కాదు, ఆ తేదీలు.

రేటు ఎలా పడుతుంది?

200 గీత దాటిన నెలో, రాయితీ రాని ఇంటికో బిల్లు ఎలా పడుతుందో లెక్క వేసుకుందాం. 2022-23 ఆర్డర్‌లో ఇళ్ల రేటు ఇలా పెట్టారు: మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఎంత వాడినా మొదటి మెట్టు రేటు మొదటి 30కి వర్తిస్తుంది. మెట్టు దాటిన యూనిట్లకే పై రేటు.

100 యూనిట్లు వాడితే: 30కి 57 రూపాయలు, 45కి 135, మిగిలిన 25కి 112.50. మొత్తం 304.50. అదే 200 యూనిట్లయితే 867 రూపాయలు. వాడకం రెట్టింపు, బిల్లు దాదాపు మూడింతలు. దీని మీద కిలోవాట్‌కు 10 రూపాయల చొప్పున ఫిక్సుడ్ ఛార్జి, కస్టమర్ ఛార్జి, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. ఆపైన సర్దుబాటు ఛార్జి. బొగ్గు ధర పెరిగిందనో, బయట ఎక్కువ ధరకు కరెంటు కొన్నామనో సంస్థ చూపించే అదనపు ఖర్చును యూనిట్‌కు ఇన్ని పైసలని వసూలు చేస్తారు. 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వేసే పద్ధతి వచ్చింది. "మేం అంతే వాడాం, బిల్లు ఎందుకు పెరిగింది" అన్నదానికి చాలాసార్లు జవాబు ఈ గడిలోనే ఉంటుంది.

ఈ మెట్ల పద్ధతికి ముందు ఇంకో పద్ధతి ఉండేది. వాడకాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ గ్రూపులు చేసేవారు. 2021-22లో 75 యూనిట్ల దాకా ఏ గ్రూపు. మొదటి 50కి 1.45, తర్వాత 25కి 2.60. అంటే 75 వాడితే 137.50. ఒక్క యూనిట్ పెరిగి 76 అయితే ఇల్లు బీ గ్రూపులోకి జారిపోయేది, మొత్తం 76కీ 2.60 చొప్పున 197.60. ఒక్క యూనిట్ ఖరీదు 60 రూపాయలు! కొత్త పద్ధతిలో ఆ గొయ్యి పోయింది. కానీ 75 వాడే పేద ఇంటికి 137.50 కాస్తా 192 అయింది. గొయ్యి పూడ్చడానికి మట్టి కింది మెట్టు నుంచే తవ్వారు. టారిఫ్‌లో ఏ మార్పు వచ్చినా ఇలాగే, ఎవరికి తగ్గింది, ఎవరికి పెరిగింది అని రెండు వైపులా లెక్క వేసుకోవాలి.

తయారు చెయ్యడానికి మన తీరం, తిత్లీకి మన స్తంభాలు

రేటు గురించి మాట్లాడేటప్పుడు ఉద్దానం ఇంకో ధర కూడా కట్టిందని మర్చిపోకూడదు. సోంపేట దగ్గర బీల భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం కడతామన్నారు. ఆ నీటి భూముల మీద బతికే రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. తర్వాత టెక్కలి పక్కన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, తంపర భూముల్లో ఇంకో థర్మల్ కేంద్రం. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు, అక్కడా ప్రాణాలు పోయాయి. కరెంటు అందరికీ కావాలి. బూడిద మాత్రం ఎవరి చెరువులో పడాలి? ఈ ప్రశ్న మాచ్‌ఖండ్‌లో కొండ జనం అడిగిందే, బీలలో తీరం జనం అడిగిందీ అదే. ఈ విషయంలో కొండకూ తీరానికీ తేడా లేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. వేల స్తంభాలు కూలిపోయాయి. ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు. కిడ్నీ జబ్బుతో మంచి నీళ్ల కోసం ఇప్పటికే అల్లాడే ప్రాంతం మనది. కరెంటు అంటే బల్బు, ఫ్యాను మాత్రమే కాదని ఆ రోజుల్లో అందరికీ తెలిసింది.

పొయ్యి సంగతి

ఇంటి ఇంధనం అంటే కరెంటు ఒక్కటే కాదు. 1999 జూలైలో రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్, డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. రెండింటిలోనూ ఒకటే చిక్కు: కనెక్షన్ వచ్చింది, మళ్లీ నింపించుకోవడానికి డబ్బు లేదు. సిలిండరు మూలన, కట్టెల పొయ్యి మధ్యన. 2024 నవంబర్ 1న దీపం-2 మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. దాన్ని రాష్ట్రమంతటికీ మొదలుపెట్టింది మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. నాలుగు నెలలకొకటి. ముందు మనమే డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుందన్నది మొదట పెట్టిన పద్ధతి. మైదానంలో అది పెద్ద విషయం కాదు. కొండ గూడలో మాత్రం సిలిండరు ఖరీదు ముందు చేతిలో ఉండాలి, సిలిండరు పైకి మొయ్యాలి, ఆధార్ కలిసిన బ్యాంకు ఖాతా పనిచెయ్యాలి. ఈ మూడూ కుదిరినప్పుడే ఉచితం ఉచితమవుతుంది.

ముందు ఏమొస్తోంది?

ఇప్పుడు సోలార్ వస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల ప్యానెళ్లకు కేంద్రం 60,000 రూపాయలు ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు పూర్తిగా ఉచితంగా పెడతామని రాష్ట్రం చెప్పింది. 2 కిలోవాట్లు బాగా పనిచేస్తే నెలకు 200 యూనిట్లకు పైనే వస్తుంది. అంటే ఏటేటా ప్రభుత్వం కట్టే మన బిల్లు స్థానంలో మన కప్పే కరెంటు తీస్తుంది. మంచిదే. కానీ సంతకం పెట్టేముందు ఇంట్లో అడగాల్సినవి ఉన్నాయి. మన కప్పు రేకా, పెంకా, స్లాబా? తుపాను గాలికి ప్యానెల్ లేచిపోతే మళ్లీ పెట్టేదెవరు? ఐదేళ్ల తర్వాత పాడైతే బాగుచేసేదెవరు? ఇంకో సంగతి చాలామందికి తెలీదు. లైనుకు కలిపిన సోలార్, లైనులో కరెంటు పోతే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. తిత్లీ లాంటి రోజున కప్పు మీద ఎండ ఉన్నా ఇంట్లో దీపం ఉండదు. బ్యాటరీ ఉంటేనే వెలుగు. లైను చేరని కొండసవర గూడలకు 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ కింద విడి సోలార్ ఇచ్చే వీలు కల్పించారు. మీ గూడలో అలాంటి ఇళ్లుంటే జాబితా రాయండి.

మనం చెయ్యాల్సింది

ఒకటి, ఈ దసరా సెలవుల్లో ఊరెళ్లినప్పుడు గూడలో ప్రతి ఇంటి బిల్లూ చూడండి. సర్వీసు నంబరు, ఎవరి పేరు, ఎన్ని కుటుంబాలు, రీడింగ్ తేదీలు, సున్నానా కాదా. ఒక నోటు పుస్తకంలో రాయండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

రెండు, చనిపోయినవాళ్ల పేరున మీటరుంటే పేరు మార్పుకు అర్జీ పెట్టించండి. వేరుపడ్డ కుటుంబాలకు వేరే మీటరు అడగండి. అర్జీ పెట్టి, కట్టాల్సింది కట్టాక లైను ఉన్నచోట నెలలోపు కనెక్షన్ ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కుల ధ్రువీకరణ కాయితం, సర్వీసు నంబరు కలపమని సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

మూడు, బాకీ పేరుతో ఫీజు పీకాలంటే కూడా 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 56వ సెక్షన్ అది. నోటీసు లేకుండా పీకితే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు, తెల్ల కాయితం చాలు.

నాలుగు, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏటా నవంబర్ నెలాఖరుకు పంపిణీ సంస్థ వచ్చే ఏడాదికి ఎంత ఖర్చవుతుందో కమిషన్‌కు లెక్క ఇస్తుంది. ఆ లెక్క మీద జనం అభ్యంతరాలు రాయొచ్చు. తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది, ఆ తర్వాతే ఏప్రిల్ నుంచి రేటు. అక్కడికి ఫ్యాక్టరీల సంఘాలు వస్తాయి, రైతు సంఘాలు వస్తాయి, పార్టీలు వస్తాయి. కమిషన్ ఆఫీసు ఇప్పుడు కర్నూలులో ఉంది, రాష్ట్రానికి ఆ చివర. అయినా కాయితం పోస్టులో వెళ్తుంది. తండా అన్న మాట పక్కన గూడ అన్న మాట, కాలనీ బయట ఉన్న ఎస్టీ ఇల్లు అన్న మాట ప్రభుత్వమూ కమిషనూ చదివే కాయితంలో ఉండాలంటే రాయాల్సింది మనమే. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. మందస, మెళియాపుట్టి గూడలకు సొంత జిల్లాలో ఆ తలుపు కూడా లేదు. అందుకే మన రాత మీదే ఎక్కువ ఆధారపడాలి.

రెవెన్యూ గ్రామం అన్న ఒక్క మాట వల్ల మన తాతలు చీకట్లో ఉన్నారు. ఒక్క బల్బు అన్న మాట వల్ల మన అమ్మానాన్నలు ఫ్యాను లేకుండా ఉన్నారు. తండా అన్న మాట వల్ల ఇవాళ పిన్ని వాళ్లు ఏడొందలు కడుతున్నారు. మాట రాసేవాళ్లకు గూడ అంటే ఏమిటో తెలీదు. మనకు తెలుసు, పైగా చదువుకున్నాం.

మీ గూడ లెక్క కింద కామెంట్లో పెట్టండి. ఇంటివాళ్ల పేర్లు, సర్వీసు నంబర్లు బయట పెట్టొద్దు. ఎన్ని ఇళ్లు, ఎన్నింటికి సున్నా, ఎన్నింటికి రాలేదు, ఎందుకు, ఇంతే రాయండి. నవంబర్ లోపు అన్నీ కలిపి ఒకే అర్జీ చేద్దాం.

జోహార్.